నొప్పిని తట్టుకునే శక్తికి మార్కులా?

పాఠకుల ప్రశ్నలు, ఒక రిటైర్డ్ ఫిజియోథెరపిస్టు జవాబులు

మెడ, నడుము, మోకాళ్లు... ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎప్పుడూ ఇవే. ఈసారి ఒక ఉత్తరం మాత్రం దారి మళ్లించింది. మిగతావాటిలోంచి దానికి దగ్గరగా ఉన్నవే ఏరాను. మోకాళ్ల వ్యాయామాల గురించి అడిగినవాళ్లు దయచేసి ఒక్క నెల ఆగండి.

ప్రశ్న: మేడమ్, నేను ఫిజియోథెరపీలో ఎంపీటీ చేస్తున్నాను. థీసిస్ కోసం వెతుకుతుంటే, నొప్పి ఎన్నాళ్లకీ వదలనప్పుడు మనిషి ఎంతవరకు తట్టుకుని నిలబడగలడో కొలిచే ఒక ప్రశ్నావళి కనబడింది. దాన్ని టర్కిష్ మాట్లాడేవాళ్లకు తగ్గట్టు మార్చి, పనికొస్తుందో లేదో పరీక్షించిన సంగతి కూడా చదివాను. తెలుగులో అలాంటిది చేద్దామని ఉంది. మా సీనియర్లేమో "14 వాక్యాలే కదా, ఆదివారం కూర్చుంటే అయిపోతుంది" అంటున్నారు. మరి టర్కిష్ వాళ్లు అంత తతంగం ఎందుకు పెట్టుకున్నారు?
– తార్నాక నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఆదివారం కూర్చుంటే వాక్యాలు అయిపోతాయమ్మా, నిజమే. ప్రశ్నావళి తయారవదు.

మిగతా పాఠకుల కోసం ముందు అదేమిటో చెప్పాలి. దాని పేరు పెయిన్ రెజిలియన్స్ స్కేల్. అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీకి చెందిన స్లెపియన్, ఫ్రాన్స్ అనే పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు 2016లో ప్రచురించారు. తీవ్రమైన నొప్పి గానీ, ఎంతకీ వదలని నొప్పి గానీ వచ్చినప్పుడు మీరు ఎలా ఉంటారు అని అడిగి 14 వాక్యాలు ఇస్తారు. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు. అస్సలు అలా ఉండనంటే 0, ఎప్పుడూ అలాగే ఉంటానంటే 4. మొత్తం 56. ఇందులో 5 వాక్యాలు పనికి సంబంధించినవి: నొప్పి ఉన్నా పని సాగిస్తారా, చురుగ్గా ఉంటారా, అనుకున్నది చేయాలని చూస్తారా అని. మిగతా 9 మనసుకు సంబంధించినవి: ఆశ నిలుపుకుంటారా, సంతోషం మిగిలి ఉంటుందా, చెడు ఆలోచనలను దగ్గరికి రానివ్వకుండా ఉంటారా అని. నొప్పి ఎంత ఉందని ఎక్కడా అడగదు, గమనించావా? నొప్పి ఉండగా మనిషి ఎలా బతుకుతున్నాడు అన్నదే దాని ప్రశ్న.

మా వృత్తిలో చాలాకాలం రెండో వైపే కొలుస్తూ వచ్చాం. నొప్పిని తలుచుకుని మనిషి ఎంత బెంబేలెత్తిపోతున్నాడో కొలిచే 13 ప్రశ్నల స్కేల్ 1995 నుంచే ఉంది. కదిలితే ఏమవుతుందో అన్న భయాన్ని కొలిచేది 17 ప్రశ్నలతో ఇంకోటి ఉంది. భయపడనివాళ్లు, నొప్పితోనే పెళ్లిళ్లకు వెళ్లి నవ్వుతూ ఫోటోలు దిగేవాళ్లు, వాళ్లలో ఏముందో కొలవాలన్న ఆలోచన ఆలస్యంగానే వచ్చింది. అందుకే నువ్వు మంచి విషయమే పట్టుకున్నావు.

ఇక తతంగం సంగతి. ఆరోగ్య ప్రశ్నావళిని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తేవడానికి చాలామంది పాటించే పద్ధతిని బీటన్ బృందం 2000లో ‘స్పైన్’ పత్రికలో రాసింది. ఆ భాషే మాతృభాష అయిన ఇద్దరు విడివిడిగా అనువాదం చేయాలి. ఒకరికి విషయం తెలిసి ఉండాలి, ఇంకొకరికి తెలియకూడదు. రెండూ కలిపి ఒకటి చేస్తారు. అసలు ప్రతిని చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. అందరి కాగితాలూ ముందేసుకుని ఒక కమిటీ కూర్చుంటుంది. తరవాత 30, 40 మంది రోగులకు ఇచ్చి, వాళ్లకు ఏం అర్థమైందో అడుగుతారు. టర్కిష్‌కైనా తెలుగుకైనా ఇదే దారి. లెక్కల పని మొదలయ్యేది ఆ తరవాతే.

ఇందులో తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చే మెట్టు మీద అందరికీ మోజు ఎక్కువ. నాకు అంత లేదు. ఎందుకంటే, మాటకు మాట పెట్టి రాసిన పాడు తెలుగే తిరిగి చక్కగా ఇంగ్లిష్‌లోకి వెళుతుంది. నొప్పి ఉన్నా ఆగకుండా నెట్టుకొస్తాను అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. దాన్ని ఎవరైనా ‘నేను దాని గుండా తోసుకుంటూ వెళతాను’ అని రాశారనుకో, తిరిగి ఇంగ్లిష్ చేస్తే అసలు వాక్యం అచ్చు గుద్దినట్టు వస్తుంది. కమిటీ సంతకం పెట్టేస్తుంది. ఓపీలో బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ మాత్రం "దేని గుండా అమ్మా?" అంటుంది.

నన్నడిగితే అసలు పనంతా ఆ 30, 40 మంది దగ్గరే ఉంది. టిక్కులు పెట్టించుకుని వచ్చేయకు. ఒక్కో వాక్యం దగ్గరా ఆగి, "ఆ అంకె ఎందుకు ఎంచుకున్నారు?" అని అడుగు. నేను పనిచేసిన ప్రభుత్వ ఆసుపత్రిలో ఇలాంటి ప్రశ్నలు అడిగినప్పుడల్లా ఒక రకం జవాబు మళ్లీ మళ్లీ వినబడేది. నొప్పి ఉన్నా పని చేస్తూనే ఉంటారా అంటే, ఇళ్లల్లో పనిచేసే ఆవిడ ఆలోచించకుండా ‘ఎప్పుడూ’ అనేస్తుంది. ఎందుకమ్మా అంటే, "నేను చెయ్యకుంటే ఎవరు చేస్తరు బిడ్డా? పోకుంటే పైసలు కట్ చేస్తరు." కాగితం మీద ఆమెకు 4 మార్కులు పడతాయి. వాకింగ్ మానకుండా కేబీఆర్ పార్కులో నడుస్తున్న పెద్దమనిషికీ ఆ 4 మార్కులే. ఆయనది తట్టుకునే శక్తి అని ఒప్పుకుంటాను. ఆవిడది గత్యంతరం లేకపోవడం. ఈ రెండిటినీ నీ తెలుగు ప్రశ్నావళి విడదీయలేకపోతే, నువ్వు కొలిచేది ఓర్పు కాదు, ఇంటి ఆర్థిక పరిస్థితి.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఆ 5 పని వాక్యాలూ, 9 మనసు వాక్యాలూ అసలు స్కేల్‌లో లాగే మనవాళ్లలోనూ రెండు గుంపులుగా నిలుస్తాయా అని ఫ్యాక్టర్ అనాలిసిస్‌తో (ఏ వాక్యాల జవాబులు కలిసి నడుస్తున్నాయో తేల్చే లెక్కతో) చూడాలి. పని వాక్యాల్లో అందరికీ 4లు, మనసు వాక్యాల్లో చాలామందికి 1లు వస్తే, ఆ తేడాను దాచకు. థీసిస్‌లో అందరికంటే ముందు చదవాల్సిన పేజీ అదే అవుతుంది. రెండు గుంపుల మార్కులనూ విడివిడిగా చూపించు, మొత్తం 56కి ఎంత అన్న ఒక్క అంకెతో ముగించకు.

"టర్కిష్ మాట్లాడేవాళ్లు" అని రాశావు, బాగుంది. టర్కీ వాళ్లు అనలేదు. 1961లో జర్మనీ, టర్కీ మధ్య కూలీల ఒప్పందం కుదిరినప్పటి నుంచి టర్కిష్ మాట్లాడే కుటుంబాలు జర్మనీలో తరాలుగా ఉంటున్నాయి. సైప్రస్‌లో ఉన్నారు, బల్గేరియాలో ఉన్నారు. అంకారా ఆసుపత్రిలో పరీక్షించిన ప్రతిని బెర్లిన్ ఫ్యాక్టరీలో నడుము పట్టేసిన మనిషికి ఇస్తే సరిపోతుందని ముందే అనుకోకూడదు, అక్కడ మళ్లీ చూసుకోవాలి. మనకూ ఇదే బాధ. శ్రీకాకుళం దాకా, హోసూరు దాకా వెళ్లక్కర్లేదు, హైదరాబాద్ ఒక్కటి చాలు. కూకట్‌పల్లిలో ఒక తెలుగు, ఉప్పల్‌లో ఒక తెలుగు, పాతబస్తీలో ఉర్దూ కలిసిన తెలుగు. ఆ 30, 40 మందినీ ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు నుంచి తీసుకోకు. పాఠ్యపుస్తకం తెలుగు అసలే వద్దు.

మార్కుల మెట్లు కూడా జాగ్రత్తగా రాయి. వాక్యాల మీద నెలలు పెట్టి, ఆ అయిదు మెట్లను అయిదు నిమిషాల్లో రాసేవాళ్లను చూశాను. మనవాళ్లు ‘ఉంటది’, ‘ఉండదు’, ‘ఒక్కోసారి’ అని మూడే చెబుతారు. ‘అరుదుగా’కీ ‘అప్పుడప్పుడు’కీ తేడా చూపమంటే చదువుకున్నవాళ్లే తడబడతారు. చదవలేనివాళ్లకు నువ్వే చదివి వినిపించాల్సి వస్తుంది. అప్పుడు మొదట చెప్పే మాట, నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు అన్నది, ఆరో వాక్యానికల్లా మరిచిపోతారు. మామూలు రోజు గురించి చెప్పేస్తారు. ప్రతి వాక్యానికి ముందూ ఆ మాట మళ్లీ చదువు. పక్కన కోడలో కొడుకో ఉంటే మర్యాదగా బయట కూర్చోమను. కోడలు వింటుండగా ఏ అత్తగారూ "నాకు ఆశ పోయింది" అనదు. "నాకేం, బాగానే ఉన్నా" అంటుంది.

లెక్కల గురించి టూకీగా చెబుతాను, మీ స్టాటిస్టిక్స్ సారు మిగతాది చెబుతారు. ఒక్కో వాక్యానికి 5 నుంచి 10 మంది అన్నది వాడుకలో ఉన్న లెక్క, అంటే 70 నుంచి 140 మంది. ఫ్యాక్టర్ అనాలిసిస్ చేస్తావు కాబట్టి 200 దాకా పోగలిగితే నయం. వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె క్రాన్‌బాక్ ఆల్ఫా, అది 0.70 దాటాలంటారు. 0.95 దాటితే సంబరపడకు, ఒకే ప్రశ్నను వేషం మార్చి అడిగావేమో చూసుకో. వారం, రెండు వారాల తేడాతో అదే మనిషికి మళ్లీ ఇచ్చి జవాబులు నిలకడగా ఉన్నాయా చూడాలి. ఇక్కడే ఫిజియో విభాగాల్లో చిక్కు వస్తుంది. ఆ రెండు వారాలూ మనం వైద్యం చేస్తూనే ఉంటాం, నొప్పి మారిపోతుంది. అందుకని మూడు నెలలు దాటి, ఒకే తీరులో ఉన్న నొప్పి గలవాళ్లనే రెండోసారి పిలువు. నల్గొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చినవాళ్లు రెండోసారి రారు. వాళ్లకు ఫోన్ చేసి అడగాలనుకుంటే మొదటిసారి కూడా నోటితోనే అడిగి ఉండాలి. ఒకసారి కాగితం, ఒకసారి ఫోన్ అయితే తేడా మనిషిదో పద్ధతిదో తెలియదు.

ఇంకో గుంట ఉంది, చాలామంది పడతారు. తట్టుకునే శక్తి ఎక్కువ ఉన్నవాళ్లు బెంబేలుపడే స్కేల్‌లో తక్కువ రావాలి కదా, అది చూపడానికి ఆ 13 ప్రశ్నల స్కేల్ కూడా ఇస్తారు. దానికి తెలుగులో పరీక్షించిన ప్రతి ఉందో లేదో ముందే చూసుకో. సొంతంగా అనువదించిన దాన్ని పక్కన పెట్టి నీ ప్రశ్నావళి సరైనదని చూపితే, తప్పు కాటాతో కొత్త కాటాను సరిచూసినట్టే.

మూల రచయితలకు మెయిల్ రాసి అనుమతి తీసుకో. మీ సంస్థ ఎథిక్స్ కమిటీకి 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం దరఖాస్తు పెట్టు. ఈ రెండూ రాకుండా ఒక్కరిని కూడా అడగకు. ఎంపీటీ రెండేళ్లలో ఇదంతా పడుతుంది, మొదటి ఏడాదే మొదలుపెడితే.

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు. మోకాళ్ల నొప్పి. ఒక క్లినిక్‌లో నొప్పి గురించి ఏదో ఫారం నింపించారు. "మీకు తట్టుకునే శక్తి చాలా ఎక్కువమ్మా" అని మెచ్చుకున్నారట. అప్పటినుంచి ఇంకా ఎక్కువ పని చేస్తున్నారు. కింద కూర్చుని రుబ్బడం, మూడంతస్తులు ఎక్కి బట్టలు ఆరేయడం. రాత్రి చూస్తే మోకాలు వాచి ఉంటుంది. వద్దంటే ఆ మార్కుల సంగతి చెబుతారు. ఏం చేయాలి?
– కూకట్‌పల్లి నుంచి ఒక కోడలు

జవాబు: ఆ మెచ్చుకున్నవాళ్లు నా ఎదుట ఉంటే నాలుగు మాటలు అనేదాన్ని. అలాంటి ఫారాలు మోకాలు ఎంత అరిగిందో చెప్పవు. ఎంత బరువు మోయవచ్చో చెప్పవు. ఇన్ని మార్కులు వస్తే పాసు అనే గీత కూడా వాటిలో ఉండదు. ఆ అంకెను మెడల్‌లా మెడలో వేసి పంపారు, ఆవిడ దాన్ని నిలబెట్టుకోవడానికి తంటాలు పడుతున్నారు.

మీ అత్తగారు చేస్తున్నది మేం రోజూ చూసేదే. బాగున్న పూట పనంతా ఒక్క ఊపులో చేసేయడం, సాయంత్రానికి కూలబడటం, మర్నాడంతా మంచం మీద ఉండటం, కాస్త తగ్గగానే మళ్లీ అదే. ఇలా సాగినకొద్దీ మొత్తం మీద చేసే పని తగ్గిపోతుంది. పని మానమనకండి, ఆవిడ వినరు, మానడం మోకాలికి మంచిది కూడా కాదు. విడగొట్టమనండి. నొప్పి పెరిగాక ఆగడం కాదు, పెరగకముందే గడియారం చూసి లేవడం. రుబ్బేది బల్ల మీద పెట్టి, ఎత్తు స్టూలు వేయండి. బట్టలు మీరో మీవారో పైకి తీసుకెళ్లండి, ఆరేయడం కావాలంటే ఆవిడ చేస్తారు, అదీ రోజుకొక్కసారి మెట్లెక్కి.

ఇంకొకటి, ఇంటికొచ్చిన చుట్టాల ముందు "మా అత్తయ్య ఉక్కుమనిషి" అనడం ఆపండి. మీరు అంటున్నారని కాదు, ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. రాత్రి వాపు రోజూ వస్తోందంటే, లేదా మోకాలు మధ్యలో పట్టేసి చాచలేకపోతే, కాలు మీద బరువు మోపలేకపోతే, ఎముకల డాక్టరుకు చూపించండి. మార్కుల కాగితం తీసుకెళ్లకపోయినా నష్టం లేదు.

ప్రశ్న: మేడమ్‌గారూ, ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని ఫోన్‌లో పెడితే క్షణంలో తెలుగు వస్తోంది. దీనికి నలుగురు అనువాదకులు, కమిటీ ఎందుకు? పైగా మనకు టర్కీతో ఏం పని?
– సైదాబాద్ నుంచి ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

జవాబు: టర్కిష్ ప్రతిలోంచి తెలుగు చేయమని ఎవరూ అనడం లేదండీ. అసలు ఇంగ్లిష్ ప్రతిలోంచే చేయాలి. ఇంగ్లిష్‌కు దూరంగా ఉన్న భాషల వాళ్లు ఎక్కడ తడబడ్డారో చూసుకుంటే మన పని తేలికవుతుంది, అంతవరకే.

ఫోన్ అనువాదం మొదటి చిత్తుప్రతికి వాడుకోండి, తప్పులేదు. అయితే ఆరోగ్యం, నొప్పి మనిషి బతుకుకు ఎంత అడ్డొస్తున్నాయో అడిగే ఎస్‌ఎఫ్-36 అనే పేరున్న ప్రశ్నావళిలో ఒకచోట, వాక్యూమ్ క్లీనర్ నెట్టగలరా, బౌలింగ్, గోల్ఫ్ ఆడగలరా అని ఉదాహరణలుంటాయి. ఫోన్ దాన్ని తప్పు లేకుండా తెలుగు చేసి ఇస్తుంది. మల్కాజ్‌గిరిలో ఎవరిని అడుగుతారు? ఊడ్చడం, బిందె ఎత్తడం, కింద కూర్చుని లేవడం పెట్టాలని తేల్చేది మనుషులే. మీరు బ్యాంకులో కౌంటర్ మీద ఫారాలు చాలానే నింపించి ఉంటారు. ఎవరికి ఏ గడి అర్థం కాదో మీకు తెలిసినంత నాకు కూడా తెలియదు.

ప్రశ్న: ఆటో నడుపుతా. వయసు 48. సంవత్సరం నుంచి నడుము నొప్పి. ఆసుపత్రికి పోతే మందులతో పాటు, సంతోషంగా ఉంటున్నావా, ఆశ ఉన్నదా అని కాగితం మీద అడిగిన్రు. నా నొప్పి ఉత్తదే, మనసులదే అని అనుకుంటున్నరా? ఆ కాగితం నింపకుంటే మందులు ఇయ్యరా?
– ఉప్పల్ నుంచి ఒక ఆటో డ్రైవర్

జవాబు: కాదు. మీ నొప్పి ఉత్తది అని ఆ కాగితం అనడం లేదు. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పిగా ఉంది అని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా రాసింది. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా సరే. మూడు నెలలు దాటిన నొప్పి మీద నిద్ర, అప్పుల టెన్షన్, గంటలకొద్దీ ఒకే తీరున కూర్చోవడం, గుంతల రోడ్లు, అన్నిటి ప్రభావమూ ఉంటుంది. అందుకే డాక్టర్లు మనసు సంగతి కూడా అడుగుతారు. అడగకపోతేనే నాకు అనుమానం.

కాగితం సంగతి. ఇది వైద్యం కోసమా, పరిశోధన కోసమా అని అడగండి. పరిశోధన కోసమైతే మీ సమ్మతి ఉండాలి. ఇష్టం లేదని చెప్పే హక్కు మీకుంది, అలా చెప్పినందుకు మందులు గానీ చికిత్స గానీ ఆపకూడదు. వైద్యం కోసమైతే నింపడమే మంచిది. నింపేటప్పుడు మాత్రం మంచి మార్కులు రావాలని చూడకండి. బండి ఆపితే కిస్తీ కట్టలేను కాబట్టి నడుపుతున్నాను అన్నది నిజమైతే, ఆ మాటే నోటితో చెప్పి ఫారం పక్కన రాయించండి. ఫిజియోథెరపిస్టుకు మార్కుల కంటే అది ఎక్కువ పనికొస్తుంది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దిగి రెండు నిమిషాలు నడవమనాలా, సీటు వెనక దిండు పెట్టమనాలా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.

ఒకటి మాత్రం ఆలస్యం చేయొద్దు. కాలు బలం తగ్గి ఈడుస్తున్నా, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా, నొప్పితో పాటు జ్వరం వస్తున్నా, ఏ ఫారం కోసమూ ఆగకుండా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. బండి మీరు నడపకండి, ఎవరినైనా తీసుకెళ్లమనండి.